డబ్బా లేని పాట

బరాత్‌లో ట్రాలీల మీద పోయే డీజే బాక్సులు చూసీ చూసీ, పాట అనగానే మన కళ్ల ముందు ఓ నల్లటి డబ్బా మెదులుతుంది. అందుకే మా ఇంటికి వచ్చినవాళ్లు ఎవరూ ముందు పాట వినరు. బాక్సులెక్కడున్నాయా అని హాలంతా వెతుకుతారు. కనబడేది రెండు పలకలు. అయిదున్నర అడుగుల ఎత్తు, అడుగున్నర వెడల్పు, రెండంగుళాల మందం. పైన బూడిదరంగు గుడ్డ. మా వాడకట్టు పెద్దాయన ఒకాయన వాటిని ఎగాదిగా చూసి, "ఏంది బిడ్డా, తలుపులు తెచ్చి బిగియ్యకుంట నిలవెట్టినవ్?" అన్నాడు.

"తలుపులు కావు తాతా, స్పీకర్లు."

ఆయన నమ్మలేదు. వెనక్కి పోయి చూశాడు. అక్కడా అదే గుడ్డ. వేలితో కొట్టి చూడబోతుంటే నేను ఆపాను. "మరి బాక్సేది? పాట ఏడికెల్లి వస్తది?"

మంచి ప్రశ్న. పెద్ద పెద్ద ఇంజనీర్లు ఇదే ప్రశ్న పట్టుకుని జీవితాలు గడిపారు. తాతకు నేను చెప్పిన జవాబే మీకూ చెబుతాను. "డప్పుకు బాక్సుందా తాతా?"

డప్పును ఒకసారి మనసులో తలుచుకోండి. ఒక చట్రం, దానికి ఒకవైపు బిగించిన తోలు. రెండోవైపు ఖాళీ. చిర్రతో, సిటికెన పుల్లతో కొడితే ఎదురుగా ఉన్నవాళ్లకు ఎంత వినిపిస్తుందో, వెనక కొట్టేవాడి పొట్టకూ అంతే తగులుతుంది. మా పలకలదీ ఇదే పద్ధతి. చట్రంలో తోలుకు బదులు పలచటి ప్లాస్టిక్ పొర. పుల్లకు బదులు కరెంటు. పొర ముందుకీ వెనక్కీ కదులుతుంది, పాట ముందుకీ వెనక్కీ వెళుతుంది. డబ్బా లేదు, కోను లేదు.

అలాంటప్పుడు లోకమంతా డబ్బాలు ఎందుకు చేస్తున్నట్టు? దానికీ కారణం ఉంది. ఇప్పుడు మన ఇళ్లలో, బస్సుల్లో, గుళ్లలో మోగే కోను స్పీకరుకు 1925లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ ఇంజనీర్లు చెస్టర్ రైస్, ఎడ్వర్డ్ కెలాగ్ రూపం ఇచ్చారు. కోను ముందుకు వచ్చినప్పుడు ముందున్న గాలి నొక్కుకుంటుంది, వెనకున్న గాలి పలచబడుతుంది. ఈ రెండూ అంచు దగ్గర కలుసుకుంటే ఒకదాన్నొకటి మింగేస్తాయి. సన్నటి స్వరాలకు పెద్ద నష్టం లేదు గాని, లావు స్వరాలు మాయమైపోతాయి. అందుకని వెనకవైపు గాలిని డబ్బాలో బంధించారు. బంధించిన గాలి ఊరుకుంటుందా? లోపలినుంచి కోనును తోస్తుంది, చెక్కను వణికిస్తుంది. మీరు వినే పాటలో కొంత గాయకుడిది, కొంత డబ్బాది.

ఈ డబ్బా సొద పడక దాన్ని తీసి పారేసినవాళ్లలో మొదట చెప్పుకోవలసింది ఇంగ్లండులో హంటింగ్‌డన్ ఊళ్లో ఉన్న పీటర్ వాకర్ గురించి. ఆయన క్వాడ్ కంపెనీ 1957లో ఒక స్పీకరును అమ్మకానికి పెట్టింది. రెండు చిల్లుల పలకల మధ్య ఒక పలచటి పొర. ఆ పొర మీద వేల వోల్టుల ఆవేశం. లావు స్వరాల పొరకు 6,000 వోల్టులు, సన్న స్వరాల పొరకు 1,500. పాట తాలూకు కరెంటు చిల్లుల పలకలకు అందితే అవి పొరను అటూ ఇటూ లాగుతాయి. దీన్నే ఎలక్ట్రోస్టాటిక్ స్పీకర్ అంటారు. ఆ మోడలు 1985 దాకా తయారైంది. ఇప్పటికీ దాన్ని బాగుచేయించుకుని వింటున్నవాళ్లున్నారు. పొర వదులైతే కొత్తది అతికించి, వేడిగాలి తగిలిస్తారు. ఆ వేడికి అది ముడుచుకుని బిగుసుకుంటుంది. మన డప్పుల వాళ్లు దరువు మొదలెట్టే ముందు గడ్డి మంట వేసి తోలు కాచుకోరూ, సరిగ్గా అదే పని.

రెండో దారి తొక్కినాయన అమెరికాలో జిమ్ వైనీ. త్రీఎం కంపెనీలో ఇంజనీరు. అక్కడ తయారయ్యే, వంచితే వంగే అయస్కాంతాల మీద ఆయన కన్ను పడింది. మన ఫ్రిజ్జు తలుపును పట్టి ఉంచే రబ్బరు పట్టీలో ఉండేదీ ఆ జాతి అయస్కాంతమే. వాటిని వరసగా పేర్చి, ఎదురుగా పొరను బిగించి, పొర మీద సన్నటి తీగలు అతికించాడు. తీగల్లో పాట తాలూకు కరెంటు పారితే పొర మొత్తం కదులుతుంది. 1969లో మినసోటా రాష్ట్రంలో మ్యాగ్నెపాన్ కంపెనీ పెట్టాడు. మా ఇంట్లో ఉన్నవి ఈ జాతివే. మా మేనల్లుడు అమెరికా ఉద్యోగం చాలించుకుని వస్తూ సామానుతో పాటు వేయించుకొచ్చాడు. హైదరాబాదులో వాడి ఫ్లాటులో పట్టక మాకు పంపాడు. వీటికి గోడ ప్లగ్గు అక్కర్లేదు. కాబట్టి అక్కడి 120 వోల్టులు, ఇక్కడి 230 వోల్టులు అన్న పేచీ కూడా రాలేదు. యాంప్లిఫయర్ నుంచి రెండు వైర్లు ఇస్తే చాలు.

ఫ్లాటులో పట్టలేదు అన్నాను కదా, నేను చెప్పదలచుకున్న అసలు సంగతి అక్కడే ఉంది. వీటి మందం రెండంగుళాలే. ఇంత పలచటివి గోడకు ఆనించి పెట్టుకోవచ్చు గదా అని ఎవరికైనా అనిపిస్తుంది. ఆనిస్తే పాట పాడైపోతుంది. వెనకవైపు వెళ్లే పాట గోడకు తగిలి తిరిగి రావాలి. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతుంది. గోడకు మూడడుగుల దూరంలో పలకను నిలబెడితే, వెనక పాట పోను మూడు, రాను మూడు అడుగులు నడిచి, ముందు పాటకన్నా 5 మిల్లీసెకన్ల పైచిలుకు ఆలస్యంగా మనల్ని చేరుతుంది. ఆ మాత్రం ఎడముంటే చెవి దాన్ని గది విశాలత కింద లెక్కేసుకుంటుంది. గోడకు అతుక్కుపోయి ఉంటే రెండూ ఒకదాని మీద ఒకటి పడి మాట అలుక్కుపోతుంది. కాబట్టి రెండంగుళాల స్పీకరుకు మూడడుగుల చోటు కావాలి. పదీ పన్నెండడుగుల హాల్లో సోఫా, టీవీ, చెప్పుల స్టాండు పోగా మూడడుగులు ఎక్కడ మిగులుతాయి చెప్పండి! హైటెక్ సిటీలో లక్షల జీతం ఉన్నవాడికి లేని ఆ మూడడుగులు జనగామలో మాకున్నాయి.

అంతకన్నా పెద్ద అదృష్టం మా పాత ఇల్లు. మట్టిగోడలు, టేకు దూలాలు, పైన గూనపెంక. కొత్త స్లాబు ఇల్లయితే హాలు మధ్యన నిలబడి ఒక్క చప్పట కొట్టి చూడండి. గోడకూ గోడకూ మధ్య ఆ చప్పుడు కొట్టుకులాడటం మీకే వినిపిస్తుంది. మా పెద్ద అర్రలో కొడితే 'టప్' అని అక్కడికక్కడే ఆగిపోతుంది. దూలాలూ వాసాలూ గూనపెంకుల వంపులూ శబ్దాన్ని ముక్కలు ముక్కలు చేసి చెదరగొడతాయి. మేస్త్రీలు చెవుల కోసం కట్టలేదు, ఎండ కోసం కట్టారు. లాభం మాత్రం మా చెవులకు వచ్చింది.

గదిలో ఏది గొంతు కలుపుతుందో కనిపెట్టడం ఓ సరదా. మా గోడకు పెంబర్తి ఇత్తడి పళ్లెం ఒకటి వేలాడుతుండేది. పెంబర్తి మా జనగామకు కూతవేటు దూరం. ఇత్తడి రేకును వెనకనుంచి సుత్తితో కొట్టి బొమ్మ తేల్చే ఆ పనికి 2010లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. పళ్లెం మీద హంస ముచ్చటగా ఉంటుంది. కాని తంబూరా శ్రుతి మొదలవగానే ఎక్కడో 'జుయ్' మని ఓ తుమ్మెద. వైర్లు చూశాం, ప్లగ్గులు చూశాం. చివరికి మా ఆవిడ పోయి పళ్లెం మీద అరచెయ్యి ఆనించింది. తుమ్మెద ఆగింది. చెయ్యి తీసింది. మళ్లీ పాడింది. హంస ఇప్పుడు దేవుడి గూట్లో ఉంది.

పలకలు నిలబెట్టడంలో ఇంకో తమాషా చెబుతాను. పాట పెట్టి, పలక ముందునుంచి మెల్లగా దాని అంచు వైపు నడవండి. సరిగ్గా అంచుకు ఎదురుగా వచ్చేసరికి పాట ఎవరో గొంతు నొక్కినట్టు తగ్గిపోతుంది. ఇంకో రెండడుగులు వేసి వెనక్కి పోతే మళ్లీ లేస్తుంది. ముందు పాట, వెనక పాట అంచు దగ్గర కొట్లాడుకుని రద్దయిపోవడమే కారణం. ఈ గుణం ఇంట్లో ఉపయోగపడుతుంది. పలకకు పక్కన ఉండే గోడ మీద పాట పెద్దగా పడదు, అక్కణ్నించి తిరిగి వచ్చే గందరగోళం తప్పుతుంది. కాకపోతే కూర్చునే చోటు ఖాయం చేసుకోవాలి. ఒక అడుగు పక్కకు జరిగితే గాయని కూడా మీతో పాటు జరుగుతుంది. మా ఇంట్లో ఊడ్చేటప్పుడు, చుట్టాలొచ్చినప్పుడు పలకలు గోడకు చేరిపోతాయి. మళ్లీ అదే చోటికి రావాలని మా ఆవిడ గచ్చు మీద చాక్‌పీసుతో నాలుగు గుర్తులు గీసింది. ముగ్గు చెరిగినా ఒప్పుకుంటుంది గాని ఆ గుర్తులు చెరిపితే ఊరుకోదు.

సరే, ఇంత చేసి ఏం వింటున్నావయ్యా అంటారా? 1966లో వచ్చిన 'రంగులరాట్నం' సినిమాకు దాశరథి కృష్ణమాచార్యులు రాసిన పాట ఒకటుంది, ఎస్. జానకి పాడింది. దాశరథి మన మానుకోట (మహబూబాబాదు) దగ్గరి చిన్నగూడూరు బిడ్డ. నిజామాబాదు జైలు గోడల మీద బొగ్గుతో పద్యాలు రాసిన మనిషి సినిమాకు అంత మెత్తటి పాట రాశాడు. ఆ రోజుల రికార్డింగు, స్టీరియో కాదు. రెండు పలకల్లోంచీ ఒకటే పాట వస్తుంది. కాని వినేటప్పుడు ఏ పలకలోంచీ రాదు, నడుమ ఖాళీగా ఉన్న చోట మనిషి ఎత్తున గొంతు నిలబడుతుంది. చరణం అందుకునే ముందు ఆవిడ ఊపిరి తీసుకోవడం, 'స' దగ్గర నాలుక పళ్లకు తగలడం తెలుస్తుంది. బస్టాండులో, సెలూన్లో ఈ పాట ఎన్నిసార్లు విని ఉంటాం! ఆ ఊపిరి మాత్రం వినలేదు.

ఇంకా వెనక్కి పోతే 1943 నాటి 'భక్త పోతన'. బమ్మెర మా జిల్లాదే కాబట్టి ఆ సినిమా అంటే మాకు సొంతం. చిత్తూరు నాగయ్య పద్యం అందుకుంటే గరగర ఉంటుంది, పై స్వరాలు ఉండవు, కింది స్వరాలు ఉండవు. అయినా మధ్యలో ఉన్న ఆ గొంతును పలకలు కళ్లకు కట్టిస్తాయి. మనిషి గొంతే వీటి బలం.

బలహీనత కూడా మా జిల్లా సరుకుతోనే చెబుతాను. లింగాల ఘనపురం మండలం మాణిక్యాపురం చుక్క సత్తయ్యగారి ఒగ్గుకథ పెట్టండి. ఆయన గొంతు, తాళాల మెరుపు, వంతలు అందుకోవడం అన్నీ ముందర ఉంటాయి. ఒగ్గుడోలు మాత్రం సగమే వస్తుంది. పుల్ల తోలుకు తగిలిన 'టక్' ఖచ్చితంగా వినిపిస్తుంది, దాని వెనక గుండెలో గుద్దే బరువు రాదు. లెక్క చూస్తే తెలుస్తుంది. 60 హెర్ట్జ్ దరువు అల పొడవు అయిదున్నర మీటర్లు దాటుతుంది, మన పలక వెడల్పు అడుగున్నర. అల ఆ అంచును చుట్టి వెనకవైపుకు పోయి రద్దైపోక ఏం చేస్తుంది? కొందరు దీనికోసం విడిగా సబ్‌వూఫర్ తగిలిస్తారు. మంచిదే. అయితే దాన్ని పలకతో కలపడం చాలా ఓపిక గల పని. నేను తగిలించలేదు.

మహబూబాబాదులో ఉన్న మిత్రుడు, బడి పంతులు, మా ఇంట్లో విని ముచ్చటపడి తనూ ఓ చిన్న జత తెప్పించుకున్నాడు. ఆయనది కొత్త ఇల్లు. కింద గ్రానైటు, పైన స్లాబు, ఎదురుగా అద్దాల అల్మారా. పాట పెడితే గుయ్యిమంది. ఆయనేమో స్పీకర్లదే తప్పన్నాడు. ఆ ఏడాది మిర్చికి ధర రాలేదని ఊళ్లో పొలం నుంచి వచ్చిన బస్తాలు అమ్మకుండా హాల్లో గోడ వెంబడి పేర్చారు. ఇల్లంతా తుమ్ములే. కాని ఆ సాయంత్రం ఫోన్ చేసి, "అన్నా, ఇయ్యాల పాట మస్తు పలుకుతుంది, ఏమైందో తెల్వది" అన్నాడు. ఏమవుతుంది? గోడకూ గోడకూ కొట్టుకులాడే చప్పుడును ఎండుమిరపకాయల బస్తాలు పీల్చేశాయి. ధర వచ్చింది, బస్తాలు పోయాయి, గుయ్యి మళ్లీ దిగింది. చివరికి వరంగల్ కొత్తవాడ జంపఖానాలు రెండు తెచ్చి మడతేసి కింద పరిచాడు, వెనక గోడకు పుస్తకాల బీరువా జరిపాడు, అద్దాలకు పరదా వేశాడు. ఇప్పుడు ఫరవాలేదు. స్పీకరుకు పెట్టే డబ్బులో కొంత గదికి పెట్టాలని ఆయనకు మిర్చి నేర్పింది.

భూపాలపల్లి సంగతి వేరు. అక్కడ మా బంధువు ఒకాయన సింగరేణిలో పనిచేస్తాడు, కంపెనీ క్వార్టర్లో ఉంటాడు. ఆయనకు మనసంతా క్వాడ్ లాంటి ఎలక్ట్రోస్టాటిక్ మీద ఉండేది. నేను వద్దన్నాను. వేల వోల్టుల ఆవేశం ఉన్న పొర దుమ్మును పిలిచి మరీ అంటించుకుంటుంది. ఓపెన్‌కాస్టు గనులున్న ఊళ్లో దుమ్ముకు కొదవేముంది! దానికి వానాకాలం తేమ తోడైతే ఆవేశం కారిపోయి, పాట సన్నబడి, చిటపటలు మొదలవుతాయి. గోడ ప్లగ్గు అక్కర్లేని మా జాతివే కొనుక్కోమన్నాను. ఆయన ఉండే చోటికి దగ్గర్లోనే, చెల్పూరు దగ్గర కాకతీయ థర్మల్ కేంద్రంలో 500, 600 మెగావాట్ల యూనిట్లు రెండున్నాయి. కరెంటు పుట్టే చోటే ఉంటూ కరెంటు అక్కర్లేని స్పీకరు కొనుక్కోమంటావా అని నవ్వాడు గాని, చివరకు అయస్కాంతం జాతివే తీసుకున్నాడు. వాటిని కూడా వాడనప్పుడు పాత దుప్పటి కప్పి ఉంచుతాడు.

ఆయన చెప్పిన ఒక లాభం నాకు తట్టనే తట్టలేదు. క్వార్టర్లన్నీ ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. పక్కింటాయన నైట్ షిఫ్ట్ దిగి పొద్దున్నే పడుకుంటాడు. గోడలు దాటి పోయి ఎదుటివాడి నిద్ర చెడగొట్టేవి ఎప్పుడూ లావు స్వరాలే. అవి పలకల్లో తక్కువ కాబట్టి, ఇక్కడ వింటుంటే పక్కింట్లో తెలియదు. చిన్నగా పెట్టినా మాట స్పష్టంగా ఉంటుంది కాబట్టి పెంచాలన్న కోరికా పుట్టదు. చట్టం ప్రకారం ఇళ్ల మధ్య పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు దాటకూడదు. మన కాలనీల్లో ఆ సంగతి పట్టించుకునేవాళ్లు ఎంతమంది! భూపాలపల్లిలో ఒకాయన ఉన్నాడని నేను హామీ ఇస్తాను.

కొనాలనిపించినవాళ్లకు నాలుగు ముక్కలు. వీటిలో చాలావాటి నిరోధం 4 ఓమ్‌లు. మామూలు హోమ్ థియేటర్ యాంప్లిఫయర్‌కు తగిలిస్తే అది వేడెక్కి మధ్యలో చేతులెత్తేస్తుంది. వెనక 4 ఓమ్‌లని రాసి ఉందో లేదో చూసి తీసుకోండి. హైదరాబాదు కోఠీ గుజరాతీ గల్లీలో తిరిగితే తెలిసినవాళ్లు దొరుకుతారు. రెండోది, సెల్ షాపులో చిప్పులో నింపిచ్చిన పాటలు వీటికి పెట్టకండి. మామూలు స్పీకరు దాచిపెట్టే లోపాలన్నీ ఇవి బయటపెడతాయి. మంచి సీడీ గాని, అసలు రికార్డింగునుంచి తీసిన ఫైలు గాని ఉండాలి. మూడోది పిల్లలు, పిల్లులు. గుడ్డ వెనక ఉన్నది పలచటి పొర. మా ఇంటి పిల్లికి ఆ గుడ్డ గోళ్లు పదును పెట్టుకోవడానికి తగినదిగా తోచింది. అందుకే పెద్ద అర్ర తలుపు ఇప్పుడు ఎప్పుడూ వేసే ఉంటుంది.

డబ్బు లేదని బాధపడకండి, చవక దారి ఒకటుంది. 1990ల్లో ఇంగ్లండులో హెలికాప్టర్ల మోత తగ్గించడానికి రక్షణ శాఖ పరిశోధకులు కొన్ని పలకలు పరీక్షిస్తుంటే, అవి మోతను అణచడం మానేసి ఇంకా బాగా పలికాయట. దాన్నుంచి ఎన్‌ఎక్స్‌టీ అనే కొత్త రకం పలక స్పీకర్లు పుట్టాయి. ఎక్సైటర్ అనే చిన్న పరికరాన్ని గట్టి థర్మకోల్ షీటుకో పలచటి ప్లైవుడ్‌కో అంటిస్తే షీటు మొత్తం పాడుతుంది. ఎక్సైటర్లు ఆన్‌లైన్లో కొన్ని వందల రూపాయలకే దొరుకుతాయి. ఇంటర్ చదివే పిల్లలు సెలవుల్లో చేసుకోవచ్చు. క్వాడ్ అంత నాణ్యత రాదు గాని, డబ్బా లేకుండా పాట ఎలా ఉంటుందో తెలిసిపోతుంది.

ఇక నా తీర్పు. ఇంట్లో పది మంది తిరుగుతూ మాట్లాడుకుంటూ వెనక పాట ఉండాలనుకునేవాళ్లకు ఇవి పనికిరావు. బతుకమ్మకు, బోనాలకు, బరాత్‌కు అసలే పనికిరావు. అక్కడ డప్పును మించింది లేదు. గోడకు మూడడుగులు వదలగలిగిన ఇల్లు, పాటకు ఎదురుగా అరగంట కదలకుండా కూర్చునే అలవాటు, ఈ రెండూ ఉన్నవాళ్లే కొనాలి. ఆ రెండింటిలో చోటు మన చిన్న ఊళ్లలోనే ఎక్కువ. జనగామలో, మానుకోటలో, భూపాలపల్లిలో పాత ఇళ్లు కూలగొట్టి స్లాబు వెయ్యబోయే అన్నలకు, అక్కలకు ఒక్క మనవి: గునపం ఎత్తే ముందు ఆ పెంకుటింటి పెద్ద అర్రలో నిలబడి ఒక్క చప్పట కొట్టి వినండి. అది అక్కడికక్కడే ఆగిపోతే, ఆ ఒక్క అర్రనైనా ఉంచుకోండి.